పాలవాక్కం బోరు నీళ్లు ఉప్పెక్కాయి: సముద్రమా, కాలువా, మురుగా?

పాలవాక్కం_సెక్రటరీ | శనివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మాది దక్షిణ చెన్నై పాలవాక్కంలో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సముద్రం సుమారు కిలోమీటరు దూరం, బకింగ్‌హామ్ కాలువ అంతకన్నా దగ్గర. బోరు 18 మీటర్లు, ఆరంగుళాల పైపు, అంతా ఇసుకే. గంటకు 5,000 లీటర్ల మోటారు, రోజుకు 8 గంటలు నడుస్తుంది. రిపోర్టులు రెండున్నాయి. ఈసీ (విద్యుత్ వాహకత) సెంటీమీటరుకు మైక్రోసీమెన్లలో, మిగతావన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో:

మూడేళ్ల కిందట, జనవరి: ఈసీ 720, క్లోరైడ్ 80, బైకార్బొనేట్ 244, సల్ఫేట్ 20, నైట్రేట్ 30, సోడియం 60, పొటాషియం 4, కాల్షియం 60, మెగ్నీషియం 20. అప్పుడు నీటి మట్టం నేల నుంచి 3.5 మీటర్ల కింద.

ఈ సెప్టెంబరు: ఈసీ 2,650, టీడీఎస్ (కరిగిన లవణాలు మొత్తం) 1,696, క్లోరైడ్ 680, బైకార్బొనేట్ 305, సల్ఫేట్ 96, నైట్రేట్ 12, సోడియం 310, పొటాషియం 12, కాల్షియం 120, మెగ్నీషియం 78. మట్టం 4.7 మీటర్ల కింద.

ల్యాబ్ వాళ్లు "హార్డ్‌నెస్ తప్ప అన్నీ పరిమితిలోనే" అని రాసిచ్చారు. మీటింగులో సగం మంది మురుగంటున్నారు, సగం మంది సముద్రమంటున్నారు. ఆర్‌వో ప్లాంటు అమ్మేవాళ్లకు మాత్రం ఏదైనా ఒకటే. ఏమిటో ఎలా తేల్చాలి?

నేలపొరలు | శనివారం 10:02

ముందు శాంపిల్ సంగతి చెప్పండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పట్టారా, బోరు డెలివరీ దగ్గరా? మీ బోరులో 13 మీటర్ల పైచిలుకు నీళ్లు నిలబడి ఉంటాయి, అంటే సుమారు 240 లీటర్లు. దానికి మూడింతలు, 700 లీటర్ల పైన, తోడి పారబోశాకే సీసా పట్టాలి. మీ మోటారుకు అది తొమ్మిది నిమిషాల పని. ఐదేసి నిమిషాలకు ఒకసారి ఈసీ చూడండి, వరుసగా మూడు రీడింగులు ఐదు శాతం లోపు తేడాతో నిలబడితే అప్పుడు పట్టండి.

సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి మూత బిగించాలి. పీహెచ్, ఆల్కలినిటీ అక్కడికక్కడే చూడటం మేలు. నీళ్లు బయటికొచ్చాక కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, సీసాలో కాల్షియం కార్బొనేటుగా అడుగున దిగబడుతుంది. నైట్రేట్ సీసాను ఐసుపెట్టెలో పెట్టి రెండు రోజుల్లోపు ల్యాబుకు చేర్చాలి.

రెండోది, టీడీఎస్ 1,696 అన్నారు. 2,650ని 0.64తో హెచ్చవేస్తే సరిగ్గా 1,696. అంటే నీళ్లు ఆవిరి చేసి తూచలేదు, గుణించి రాశారు. తప్పేం కాదు, కానీ ఈసీకీ టీడీఎస్‌కీ విడివిడిగా రెండు పరీక్షలు చేశారనుకోకండి. ఇంట్లో వాడే టీడీఎస్ పెన్నులదీ ఇదే వరస. ఒక పెన్ను 0.5తో, ఇంకో పెన్ను 0.7తో హెచ్చవేస్తుంది. మీ నీళ్లకే ఒకటి 1,325 చూపిస్తే ఇంకొకటి 1,855 చూపిస్తుంది. అందుకే ఈసీలోనే మాట్లాడుకుందాం. మీటరును ఈసీ 1,413 ఉండే ప్రామాణిక ద్రావణంతో సరిచూసి, 25 డిగ్రీలకు సవరించిన రీడింగే రాయండి. సవరణ లేని మీటరు 30 డిగ్రీల నీళ్లలో పది శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఇంకోటి, జనవరినీ సెప్టెంబరునూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. చెన్నై వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. జనవరిలో మట్టం పైన, సెప్టెంబరులో అడుగున. పెరుగుదలలో కొంత రుతువుదే.

అయాన్_లెక్క | శనివారం 11:35

రిపోర్టును నమ్మవచ్చా అన్నది ముందు తేల్చుకుందాం. మిల్లీగ్రాములను మిల్లీఈక్వివలెంట్లలోకి, అంటే బరువు నుంచి విద్యుదావేశాల లెక్కలోకి మార్చాలి; నీటిలో ఋణ, ధన ఆవేశాలు సమానంగా ఉండాలి. క్లోరైడును 35.45తో, బైకార్బొనేటును 61తో, సల్ఫేటును 48తో, నైట్రేటును 62తో, సోడియంను 23తో, పొటాషియంను 39తో, కాల్షియంను 20తో, మెగ్నీషియంను 12.15తో భాగించండి.

కొత్త రిపోర్టులో ఋణ అయాన్లు: 19.2 + 5.0 + 2.0 + 0.2 = 26.4. ధన అయాన్లు: 13.5 + 0.3 + 6.0 + 6.4 = 26.2. తేడా అర శాతం కూడా లేదు. ఈసీని వందతో భాగిస్తే 26.5, అదీ సరిపోయింది. ఐదు శాతం దాటితే రిపోర్టు వెనక్కి పంపేయాలి. తేడా సరిగ్గా సున్నా వచ్చినా అనుమానించండి. అప్పుడు సోడియం కొలిచి ఉండరు, మిగిలింది సోడియమని రాసేసి ఉంటారు. ల్యాబును "ఫ్లేమ్ ఫోటోమీటరు (సోడియంను నేరుగా కొలిచే పరికరం) రీడింగేనా" అని ఒక్క మాట అడగండి.

ఇక ఉప్పు ఎంత కలిసిందో చూద్దాం. సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు సుమారు 19,000. మీ పాత నీళ్లు 80, కొత్తవి 680. (680 – 80) ని (19,000 – 80) తో భాగిస్తే 3.2 శాతం. 12,000 లీటర్ల లారీ నీళ్లలో 380 లీటర్ల సముద్రం కలిపినట్టు. అంతే చాలు, కాఫీ పాడవడానికి.

దీని మీద సోడియం లెక్క చూడండి, ఇక్కడే అసలు విషయం ఉంది. సముద్రంలో సోడియం 10,700 దాకా ఉంటుంది. పాత నీళ్లూ 3.2 శాతం సముద్రమూ కలిస్తే 397 రావాలి. మీకు 310 ఉంది. 87 మిల్లీగ్రాములు, అంటే 3.8 మిల్లీఈక్వివలెంట్లు మాయం. అదే పద్ధతిలో కాల్షియం 71 రావాలి, 120 ఉంది. మెగ్నీషియం 60 రావాలి, 78 ఉంది. ఈ రెండింటి అదనం కలిపితే 3.9. పోయినదీ వచ్చినదీ సరికి సరి. ఇసుకలో పలచగా ఉన్న బంకమట్టి రేణువులు సోడియంను పట్టుకుని కాల్షియం, మెగ్నీషియంలను వదిలేశాయి. ఉప్పునీరు కొత్తగా తోసుకొచ్చే చోట ఇలాగే జరుగుతుంది. అందుకే నాలుకకు ఉప్పు తెలియకముందే బాత్‌రూములో సబ్బు నురగ రావడం మానేస్తుంది. మీ హార్డ్‌నెస్ 232 నుంచి 620కి ఎక్కింది కదా.

ఉప్పునీరు వెనక్కి తగ్గి మంచినీరు కడిగే దశలో దీనికి తిరగబడి సోడియం పెరుగుతుంది. మిల్లీఈక్వివలెంట్లలో సోడియం/క్లోరైడ్ నిష్పత్తి సముద్రంలో 0.86, మీకు 0.70.

అడయారు_తీరం | శనివారం 12:20

మురుగు కాదని అంత తొందరగా కొట్టేయకండి. నైట్రేట్ 12 ఉంది కాబట్టి మురుగు లేదనడం తప్పు. ఆక్సిజన్ లేని నీళ్లలో బ్యాక్టీరియా నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. 30 నుంచి 12కి తగ్గడమే అనుమానించాల్సిన విషయం. అమ్మోనియా, కోలిఫాం (మురుగు జాడ చెప్పే బ్యాక్టీరియా) చూపించారా?

అయాన్_లెక్క | శనివారం 12:48

నైట్రేట్ మాట ఒప్పుకుంటాను. కోలిఫాం పరీక్ష ఎలాగూ చేయించాల్సిందే, తాగినా తాగకపోయినా. అయితే ఇళ్ల మురుగు మామూలుగా నీటికి కలిపే క్లోరైడ్ వంద లోపు. 600 పెరగాలంటే బోరులోకి వచ్చేదంతా మురుగే అయినా చాలదు. మురుగు ఉండొచ్చు, ఈ ఉప్పు మాత్రం దానిది కాదు.

వేళచ్చేరి_బోరు | శనివారం 13:15

మధ్యలో దూరుతున్నాను. మాది 60 మీటర్ల బోరు, రాయిలో. ఈసీ 2,100. ఇదీ సముద్రమేనా?

నేలపొరలు | శనివారం 13:40

మీ కింద ఉన్నది చార్నొకైట్, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్), పల్లావరం గుట్టల రాయి. భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఈ రాయికి పేరు పెట్టింది కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి, ఆ రాయేమో మన ఊరిదే. ఇసుకలో నీళ్లు రేణువుల మధ్య ఉంటాయి, చార్నొకైట్‌లో పగుళ్లలో ఉంటాయి. మీ ఉప్పుకు పళ్లికరణై చిత్తడి నేల పక్కనుండటం, పాత సెప్టిక్ ట్యాంకులు, రాయిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు, ఏదైనా కారణం కావచ్చు. అయాన్ల రిపోర్టు పెట్టి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ కలగాపులగం అవుతాయి.

మెత్తనీళ్ల_మేస్త్రి | శనివారం 15:05

అయాన్_లెక్క గారి లెక్క బాగుంది. కానీ ఒక చిక్కుంది, ఎవరూ అడగలేదు. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ఉందా? దాన్ని కడిగిన ఉప్పు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

సాఫ్ట్‌నర్ రెసిన్ చేసేదీ ఇలాంటి మార్పిడే, కాకపోతే బంకమట్టికి తిరగబడి: కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదులుతుంది. ఉప్పుతో కడిగినప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్, మిగిలిన సోడియం క్లోరైడ్ అన్నీ కలిసి డ్రైనులోకి పోతాయి. ఆ డ్రైను ఇంకుడు గుంతలో కలిస్తే బోరు నీళ్లలో క్లోరైడ్ పెరుగుతుంది, సోడియం నిష్పత్తి తగ్గుతుంది, హార్డ్‌నెస్ ఎక్కుతుంది. అచ్చం సముద్రం వచ్చినట్టే కనిపిస్తుంది.

పాలవాక్కం_సెక్రటరీ | శనివారం 18:30

ఉంది సార్. నాలుగు రోజులకొక 25 కిలోల ఉప్పు బస్తా. కడిగిన నీళ్లు కాంపౌండు మూలనున్న ఇంకుడు గుంతలోకే పోతున్నాయని ఇవాళ ప్లంబరు చూపించాడు. శాంపిల్ మాత్రం బోరు దగ్గరే, పది నిమిషాలు తోడాకే పట్టారట.

అయాన్_లెక్క | శనివారం 19:25

మేస్త్రి గారూ, ఇది నేను అడగాల్సింది. అయితే రెండు విధాలుగా తేల్చవచ్చు.

ఒకటి బరువు లెక్క. మీరు రోజుకు తోడేది 40 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 0.6 కిలోల అదనపు క్లోరైడ్ అంటే రోజుకు 24 కిలోలు. దానికి కావలసిన ఉప్పు 40 కిలోలు. మీ సాఫ్ట్‌నర్ వాడేది రోజుకు ఆరుంపావు కిలోలు. అంతా తిరిగి మీ బోరులోకే వచ్చినా ఆరో వంతు కూడా కాదు.

రెండోది సల్ఫేట్. సముద్రంలో క్లోరైడులో 14 శాతం సల్ఫేట్ ఉంటుంది. మీకు పెరిగిన క్లోరైడ్ 600, సల్ఫేట్ 76, అంటే 12.7 శాతం. సాఫ్ట్‌నర్‌లో వేసే శుభ్రమైన ఉప్పులో సల్ఫేట్ నామమాత్రం. ఇంకా గట్టిగా కావాలంటే బ్రోమైడ్ చూపించండి. సముద్రమైతే రెండు మిల్లీగ్రాముల దాకా కనిపించాలి. బస్తా ఉప్పైతే అంత రాదు, ఉప్పు గడ్డకట్టేటప్పుడు బ్రోమైడ్ ద్రవంలోనే మిగిలిపోతుంది. అయాన్ క్రొమటోగ్రాఫ్ (అయాన్లను విడదీసి కొలిచే యంత్రం) ఉన్న ల్యాబుకే ఇవ్వండి.

కాబట్టి ఎక్కువ భాగం సముద్రపు ఉప్పే. ఇంకుడు గుంతలోకి పోయే ఆ పైపును మాత్రం సోమవారమే కోయించండి. ఆర్‌వో పెట్టినా అదే మాట, సగం నీళ్లు వదిలే ఆర్‌వో రిజెక్టులో ఉప్పు రెట్టింపు ఉంటుంది.

అడయారు_తీరం | శనివారం 20:10

"సముద్రపు ఉప్పు" అంటే తూర్పు నుంచే రావాలని లేదు. బకింగ్‌హామ్ కాలువలో పోటునీళ్లు వస్తాయి. తిరువాన్మియూరు నుంచి కోవళం దాకా ఉన్న ఇసుక పట్టీకి తూర్పున సముద్రం, పడమర కాలువ. మధ్యలో మంచినీరు కటకం ఆకారంలో తేలుతూ ఉంటుంది. తూర్పు నుంచీ రావచ్చు, పడమర నుంచీ రావచ్చు, మోటారు గుంజితే కింద నుంచీ ఎక్కవచ్చు. మూడింటికీ మందు వేరు.

నేలపొరలు | ఆదివారం 8:15

దానికి ఖర్చులేని పరీక్ష ఉంది. రాత్రంతా మోటారు ఆపండి. పొద్దున నీటి మట్టం టేపుతో కొలిచి, మోటారు వేసి మొదటి పది నిమిషాలు వదిలేసి, అక్కడి నుంచి ప్రతి అరగంటకూ ఈసీ రాయండి.

తక్కువలో మొదలై గంటగంటకూ ఎక్కుతూ పోతే ఉప్పునీరు కింద నుంచి శంకువులా లేస్తోంది. మొదటి నుంచీ ఒకే అంకె దగ్గర నిలిస్తే చుట్టూ ఆ నీళ్లే. అలాంటప్పుడు తూర్పున ఒక ఇంటి బావి, పడమర ఒక బావి చూసి ఏ వైపు ఎక్కువుందో తేల్చాలి. బావుల లోతులు దగ్గరదగ్గరగా ఉండాలి, ఆరు మీటర్ల బావినీ ఇరవై మీటర్ల బోరునూ పోల్చి ప్రయోజనం లేదు.

ఇంకోటి, ఉప్పునీటి హద్దు, అంటే మంచినీటి కింద ఉప్పునీరు మొదలయ్యే లోతు, లెక్కించాలంటే నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా తెలియాలి. ఫోన్ జీపీఎస్ పనికిరాదు. కొన్ని యాప్‌లు చెన్నైలో మైనస్ ఎనభైలు చూపిస్తాయి. అవి లెక్కించేది భూమి ఆకారానికి బదులు వాడే నున్నటి గణిత దీర్ఘగోళం మీద, మనకు కావలసింది సగటు సముద్ర మట్టం. ఈ రెండింటికీ ఇక్కడ సుమారు 90 మీటర్ల తేడా ఉంది. సర్వేయరుతో దగ్గర్లోని బెంచ్‌మార్కు నుంచి ఆటో లెవెల్ వేయించండి. మట్టం కొలతలో 20 సెంటీమీటర్ల తప్పు దొర్లితే ఉప్పునీటి హద్దు లెక్కలో దానికి నలభై రెట్లు, 8 మీటర్ల తప్పు వస్తుంది.

తరమణి_డేటా | ఆదివారం 10:30

సర్కారు లెక్కలు ఎక్కడున్నాయో నేను రాస్తాను. కేంద్ర భూగర్భ జల బోర్డు ప్రాంతీయ కార్యాలయం బీసెంట్ నగర్ రాజాజీ భవన్‌లో ఉంది. రాష్ట్రానిది తరమణిలోని నీటి వనరుల డేటా సెంటరు. చెన్నై నీటి సరఫరా, మురుగు బోర్డు అయిన మెట్రో వాటర్‌కూ నగరంలో పరిశీలన బావులున్నాయి. కేంద్ర బోర్డు మట్టాలు ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది, జల వనరుల సమాచారమిచ్చే ఇండియా-డబ్ల్యూఆర్‌ఐఎస్ పోర్టల్‌లో దొరుకుతాయి. 2012లో మొదలైన జలపొరల మ్యాపింగ్ నివేదికల్లో పొరల మందం, రాయి ఎంత లోతున తగులుతుందీ ఉంటాయి. మీకు ముందు కావలసింది అదే.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. రంగుల మ్యాపు చూసి మా వీధి పచ్చగా ఉందని మురిసిపోవద్దు, రెండు బావుల మధ్య రంగు అంచనాతో నింపింది. మీకు దగ్గరి బావి కాలువకు అవతల ఉంటే అది మీ నీళ్ల గురించి చెప్పదు. ఇక "వానకు ముందు" అని రాసిన రీడింగు మే నెలది. దేశానికంతటికీ అది సరే. చెన్నైలో అసలు కరువు మట్టం ఆగస్టు, సెప్టెంబరుల్లోనే, కాబట్టి ఆగస్టు రీడింగు తీసుకోండి.

ఉత్తరాన మీంజూరులో ఇదే జరిగింది. 1960ల చివర్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) సాయంతో అధ్యయనం చేసి మీంజూరు, పంచెట్టి, తామరైపాక్కంలలో బావి క్షేత్రాలు తెరిచారు. తోడిన కొద్దీ మీంజూరు వైపు ఉప్పునీరు కిలోమీటర్ల లోపలికి వచ్చింది. 1987లో చెన్నై మహానగర భూగర్భ జల చట్టం రావడానికి ఈ తోడకమే నేపథ్యం. పక్క స్థలంలో లారీలకు తోడుతున్నారేమో చూడండి, దానికి ఆ చట్టం కింద లైసెన్సు ఉండాలి.

పాలవాక్కం_సెక్రటరీ | బుధవారం 19:50

చేశాం. సర్వేయరు లెక్కలో నేల సముద్ర మట్టానికి 5.0 మీటర్ల పైన. రాత్రి ఆపాక మట్టం 4.7 మీటర్ల కింద. ఈసీ: 6:10కి 1,880, 7:10కి 2,090, 8:10కి 2,310, 9:10కి 2,480, 10:10కి 2,610, 11:10కి 2,650. తర్వాత అక్కడే నిలిచింది. పక్క స్థలంలో లారీలు లేవు.

నేలపొరలు | బుధవారం 21:05

కింద నుంచే. లెక్క చూడండి. మంచినీరు సముద్రమట్టానికి ఎంత పైనుంటే ఉప్పునీటి హద్దు దానికి నలభై రెట్లు కింద ఉంటుంది, సాంద్రత 1.000కి 1.025 కాబట్టి. మీ మట్టం 5.0 – 4.7, అంటే 0.3 మీటర్లు. హద్దు సముద్రమట్టానికి 12 మీటర్ల కింద. మీ బోరు అడుగు 13 మీటర్ల కింద. ఉప్పునీళ్ల అంచులోనే కూర్చుంది. జనవరి మట్టంతో అయితే 1.5 మీటర్లు, హద్దు 60 మీటర్లు రావాలి. అంత లోతుకు ముందే రాయి తగులుతుంది కనుక ఆ రోజు ఉప్పు కనిపించలేదు. హద్దు నిజానికి గీత గీసినట్టు ఉండదు, మెల్లగా కదులుతుంది, కొన్ని మీటర్ల మందాన కలగలిసి ఉంటుంది. ఇది మొదటి అంచనా మాత్రమే.

ఈ బోరును ఇంకా లోతు చేయిస్తామని ఎవరన్నా వస్తే గేటు దగ్గరే ఆపండి. చేయాల్సింది దానికి తిరగబడి. 8 మీటర్ల లోతున ఒక వరల బావి, కనీసం మీటరున్నర వ్యాసం. నీటి స్తంభం మూడు మీటర్లే మిగులుతుంది కాబట్టి సన్న బోరు చాలదు. దాని అడుగు సముద్రమట్టానికి 3 మీటర్ల కింద, హద్దుకు 9 మీటర్ల పైన. ఇసుక వాహకత (ఈసీ కాదు, ఇసుకలోంచి నీళ్లు పారే గుణం) రోజుకు 15 మీటర్లనుకుంటే, రోజుకు 40 ఘనపు మీటర్లు తోడితే శంకువు 1.9 మీటర్లు లేస్తుంది. దూరంలో మూడో వంతు, అంటే 3 మీటర్లు దాటనివ్వకూడదు. దాటితే ఒక్కసారిగా బావిలోకి దూకుతుంది. ఆ మూడు మీటర్ల పరిమితికి లోబడితే రోజుకు 64 ఘనపు మీటర్ల దాకా తోడవచ్చు. వాహకత సగమే ఉంటే 32, అప్పుడు మీ 40 ఎక్కువే. అందుకని రెండు బావులు ఎడంగా తవ్వి చెరి సగం తోడండి, మోటారు చిన్నది పెట్టి ఎక్కువ గంటలు నడపండి.

పాత బోరును 10 మీటర్ల లోతు దాకా బంకమట్టి గుళికలతోనో సిమెంటుతోనో అడుగు నుంచి పూడ్చండి. వట్టి ఇసుక పోస్తే దానిలోంచే ఉప్పు ఎక్కుతుంది.

మెత్తనీళ్ల_మేస్త్రి | బుధవారం 21:40

వాన నీళ్ల మీద ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పేస్తాను. 500 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 1,400 మిల్లీమీటర్లు, 80 శాతం పట్టినా 560 ఘనపు మీటర్లు. మీ వాడకానికి 14 రోజులు. ఇంకించడం మానొద్దు. కానీ దాని పని మట్టాన్ని పది, ఇరవై సెంటీమీటర్లు నిలబెట్టడం. నేలపొరలు గారి నలభై రెట్ల లెక్కలో అది చిన్నదేం కాదు. గుంతలో పై అడుగు మందాన ఇసుకను ఏటా సెప్టెంబరులో తీసి కడిగించండి, డాబా దుమ్ము అక్కడే పేరుకుని మూసుకుపోతుంది. ఆ నీళ్లు తిన్నగా బోరులోకి దించొద్దు.

పాలవాక్కం_సెక్రటరీ | బుధవారం 22:15

సాఫ్ట్‌నర్ పైపు కోయించాం. బ్రోమైడ్ శాంపిల్ రేపు పోతుంది. వరల బావికి మూలన జాగా ఉంది, కానీ పాత సెప్టిక్ ట్యాంకుకు 6 మీటర్లే దూరం. పరవాలేదా?

అడయారు_తీరం | బుధవారం 22:31

వద్దు. ఎనిమిది మీటర్ల బావికి మొదటి పొర నీళ్లే వస్తాయి, నా మురుగు మాట అప్పుడు నిజమవుతుంది. కనీసం 15 మీటర్లు ఎడం చూడండి, లేదా ఆ ట్యాంకును ఖాళీ చేయించి పూడ్చి మురుగును మెట్రో వాటర్ వాళ్ల డ్రైనేజీ లైనులో కలిపాకే తవ్వండి.